ట్యాంకరుకు బీమా ఉంది, చాలదూ?

ప్రభుత్వ బండి నడిపే డ్రైవరుకు కూడా బీమా ఉండాలట! ఎవరండీ ఈ మాట అన్నది? రేపు స్టీరింగుకు పింఛను అడుగుతారు కాబోలు.

బహ్రెయిన్‌లో ఒక సర్కారీ శాఖలో ఫైళ్లు మోసే గుమాస్తాగా బల్ల గుద్ది చెబుతున్నాను. శాఖ పేరు అడక్కండి, నా ఉద్యోగం ఉండాలి కదా. మా బండ్లన్నిటికీ బీమా ఉంది. మా బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకూ ఉంది. రోడ్డు పక్క ఖర్జూరపు చెట్టును గుద్దినా దానికి పరిహారం వస్తుంది. బీమా లేనివాడెవడో వచ్చి మా డ్రైవరును గుద్దితే మాత్రం ఏమీ రాదు. ఎంత దూరాలోచన!

బీమా ఉన్న డ్రైవరు ఏం చేస్తాడు? కాళ్లు విరగ్గొట్టుకుని కులాసాగా పడుకుంటాడు. లేనివాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ఇంజను స్టార్టు చేసే ముందు ఇష్టదైవాన్ని తలుచుకుంటాడు. ఎదురుగా వచ్చే కారు వాలకం చూసి, దానికి బీమా ఉందో లేదో పసిగట్టడం నేర్చుకుంటాడు. ఏ కాలేజీలో చెబుతారండీ ఈ చదువు?

మా పోశన్ననే తీసుకోండి. నిజామాబాద్ వైపు మనిషి, రోడ్ల పక్క చెట్లకు నీళ్లు పోసే ట్యాంకరు డ్రైవరు. మొన్న సనాబిస్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, ఒక పాత కారు వచ్చి అతని వైపు తలుపును గుద్దింది. ఇక్కడ స్టీరింగు ఎడమవైపే కాబట్టి పోశన్న ఎడమ మోకాలు చితికింది. కారువాడు కారు వదిలేసి పారిపోయాడు. దానికి బీమా లేదని పోలీసులు తేల్చారు.

అంబులెన్సు వచ్చింది. పోశన్న ఎక్కనన్నాడు. తాళంచెవి సూపర్‌వైజరు చేతిలో పెట్టనిదే డ్రైవరు బండి దిగకూడదని మా రూలు మరి.

"తాళంచెయ్యి ఎవలకియ్యాలె? బుల్లిరాజు సారొచ్చినంక పోదాం" అని నెత్తురోడుతూ సీట్లోనే కూర్చున్నాడు.

సూపర్‌వైజరు బుల్లిరాజు గారు తీరిగ్గా వచ్చారు. ముందు ట్యాంకరు చుట్టూ తిరిగి చూసి, "రంగంతా పోయిందయ్యా" అని బాధపడ్డారు. ఆ తరువాతే తాళంచెవి తీసుకున్నారు. ఇంతటి క్రమశిక్షణ బీమా ఉన్నవాళ్లకు వస్తుందా?

ట్యాంకరుకు కొత్త తలుపు, కొత్త అద్దం, కొత్త రంగు వచ్చాయి. పెళ్లికొడుకులా ఉంది. పోశన్న మోకాలు మాత్రం వంగడం మానేసింది. క్లచ్ తొక్కలేనివాడితో పనేమిటి, ఊరికి పంపెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పరిహారమా? ఇవ్వాల్సినవాడు పారిపోయాడుగా! మాకేం సంబంధం?

విమానం టికెట్టు ఇవ్వడానికి బుల్లిరాజు గారితో నేనూ రిఫాలో పోశన్న గదికి వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు.

"ఊర్ల నన్నెవలు పెట్టుకుంటరు సార్? నాకొచ్చిన పని గిదొక్కటే" అన్నాడు.

వినలేక నేను గోడకేసి చూశాను. బుల్లిరాజు గారు ఓదార్చబోయి ఆవేశపడ్డారు.

"ఆ కారోణ్ణి వదిలేది లేదు పోశన్నా. పోలీసులు వెతుకుతున్నారు. బీమా లేకుండా రోడ్డెక్కడమంటే మాటలనుకున్నాడా? అలాంటోళ్లని జైల్లో పెట్టాలి."

పోశన్న వెటకారం తెలియని మనిషి. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నన్ను సుత బీమా లేకుండనే ఎక్కిచ్చిండ్రు గద సార్. మన ఆఫీసుకు పోలీసోళ్లు ఎప్పుడొస్తరు?"