ఓడిపోతే ఊరికి పోత

ఆ ఆదివారం పొద్దున రాజనర్సు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకోవాలి, పది గంటలకు కెమెరా ముందు కూర్చోవాలి, ఓటమి అన్న మాట నోట రాకుండా లేచి రావాలి. ఇంత చిన్న పథకం కూడా మనిషి కొంప ముంచగలదని ఆయనకు అప్పటికి తెలియదు.

రాజనర్సుది కోరుట్ల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళుగా సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. కోసాడ్ క్వార్టర్లలో మూడో అంతస్తులో కాపురం. వానాకాలం వస్తే చాలు, గటర్ పొంగి మురుగు నీళ్ళు కింది అంతస్తు ఇళ్ళలోకి వచ్చి మంచాల కింద కూర్చుంటాయి. అడిగే నాథుడు లేడు. ఆ మంటతో పోయిన కార్పొరేషన్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడితే వచ్చినవి అరవై మూడు ఓట్లు. ఆయన గల్లీలో తెలుగువాళ్ళ ఓట్లే మూడువందల పైచిలుకు ఉన్నాయి. అంటే సొంతవాళ్ళే వేయలేదు. ఆ మాట ఐదేళ్ళుగా ఆయన్ని ముల్లులా పొడుస్తూనే ఉంది. ఈసారి మళ్ళీ నిలబడ్డాడు. గెలవకపోయినా సరే, గల్లీ మాత్రం తన వైపు ఉండాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

ఆయనకో రాజకీయ గురువు కూడా ఉన్నాడు. బ్రహ్మచారి సారు. సూరత్‌లో తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు మనవలున్నారు. ఆ పొద్దున ఆయన మంచం మీద విలేకరిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"చూడు రాజనర్సూ, గెలవడని అందరూ అనుకునే అభ్యర్థిని ఎవరైనా అడిగేది ఒక్కటే. ఓడిపోతే ఏం చేస్తారని. దానికి మూడు సూత్రాలున్నాయి. ముందు నవ్వాలి. ఆ మాట నువ్వు తిరిగి అనకూడదు. ప్రశ్నను మెల్లగా గటర్ మీదికి మళ్ళించాలి. ఏదీ, అడుగుతున్నా. ఓడిపోతే?"

రాజనర్సు పళ్ళన్నీ బయటపెట్టాడు. "మా గల్లీల గటర్ నిండింది."

"శభాష్! మళ్ళీ అడుగుతున్నా. ఓడిపోతే?"

"గటర్!"

చాయ్ తెచ్చిన స్వరాజ్యం మొగుడి వైపూ సారు వైపూ మార్చి మార్చి చూసింది. "అడిగేదొకటి, చెప్పేదొకటి. జనం నీకు చెవుడొచ్చిందనుకుంటరు."

"ఇది రాజనీతి తల్లీ," అన్నాడు సారు.

"ఏమో సారూ. నేను ఉప్పు తెచ్చినవా అని అడిగితే ఈయన గటర్ ముచ్చట చెప్తే మాత్రం ఊకోను."

పది గంటలకు సంతోషి వచ్చింది. సూరత్ తెలుగువాళ్ళ కోసం ఫోనులో వార్తల చానల్ నడిపే పిల్ల. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఒక వాక్యంలో మూడు భాషలు తిరిగొస్తుంది. గల్లీ జనమంతా చుట్టూ మూగారు.

"కాకా, పిఛ్లీ బార్ అరవై మూడు ఓట్లే వచ్చినయ్ గదా. ఈసారి గూడ ఓడిపోతే?"

రాజనర్సు నవ్వాడు. "మా గల్లీల గటర్ నిండింది బిడ్డా."

"వో తో ఠీక్ హై కాకా. ఓడిపోతే?"

"వానొస్తే నీళ్లు ఇండ్లల్లకు వస్తున్నయి."

"కాకా, నేననేది ఇనవడ్తలేదా? ఓడిపోతే ఏం జేస్తవ్ అంటున్న!"

వెనక నుంచి ఎవరో, "సాంచెల చప్పుడుకు చెవులు పోయినట్టున్నయ్, జర గట్టిగ అడుగు బిడ్డా," అన్నారు. జనం గొల్లుమన్నారు. రాజనర్సు చెవులు ఎర్రబడ్డాయి. సారు గాలిలో మూడు వేళ్ళు ఆడించి సూత్రాలు గుర్తుచేసేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఇనవడ్తుంది! మస్తుగ ఇనవడ్తుంది! ఓడిపోతే సూరత్ల ఉండనే ఉండ. తెల్లారే సామాన్ సదురుకోని ఊరికి పోత. సాలా?"

సారు తల పట్టుకున్నాడు. సంతోషి సంతోషంగా ఫోను జేబులో పెట్టుకుంది.

ఇక్కడ సూరత్‌లో మనవాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరైనా ఊరికి పోతున్నారని తెలిస్తే చాలు, తక్కినవాళ్ళంతా తలా ఒక సంచి తెచ్చి వాళ్ళ చేతిలో పెడతారు. అక్కకు చీర, అమ్మకు మోకాళ్ళ నూనె, మేనకోడలి పిల్లకు గౌను. సంచి మీద ఊరి పేరు, మనిషి పేరు, ఫోను నంబరు రాసి ఉంటాయి. తెచ్చినవాళ్ళు ఇబ్బంది పడరు, తీసుకునేవాళ్ళు కాదనరు. ఇవాళ కాదంటే రేపు మన సంచి ఎవరు తీసుకుంటారు? పోస్టాఫీసు ఒక రోజు మూతపడ్డా సూరత్ తెలుగువాళ్ళు గమనించకపోవచ్చు గానీ, ఊరికి పోయేవాడు ఒకడుంటే మాత్రం ఐదు నిమిషాల్లో పసిగడతారు.

ఇంటర్వ్యూ అయిన అరగంటకు కింది అంతస్తు గంగవ్వ ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. చేతిలో పచ్చ సంచి.

"నువ్వు గెల్వాలె కొడకా. దేవునికి రోజూ మొక్కుతున్న," అంది మనస్ఫూర్తిగా. "గీ రెండు చీరలు మా బిడ్డకు ఇయ్యి. మెట్‌పల్లి బస్టాండు కాడికి వస్తది. నేను ఫోన్ల చెప్పిన, బుధవారం బయలెల్తడని."

"బుధవారమేంది అవ్వా?"

"వచ్చే ఆదివారం ఓట్లు. మంగళవారం లెక్కపెడ్తరు. బుధవారం రైలెక్కుతవ్ గదా?" అని లెక్క తప్పలేదు కదా అన్నట్టు చూసింది గంగవ్వ.

వద్దనడానికి రాజనర్సు చెయ్యెత్తాడు. సంచి మాత్రం అప్పటికే స్వరాజ్యం చేతిలోకి వెళ్ళిపోయింది.

అది మొదలు. రాజనర్సు పొద్దంతా ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టి ఓటడిగేవాడు. అందరూ "నీకే కాకా, నీకే" అనేవారు. సాయంత్రం ఇంటికొస్తే వాళ్ళ సంచులు ఆయనకంటే ముందే వచ్చి గోడవార కూర్చుని ఉండేవి. సోమవారం ఏడు, మంగళవారానికి పంతొమ్మిది, గురువారానికి మంచం మీద పడుకునే చోటు పోయింది. నడుమ సాంచెల యజమాని సేఠ్ కూడా ఫోన్ చేసి, రాజనర్సు సాంచెల మీదికి బుధవారం నుంచి వేరే మనిషిని మాట్లాడుకున్నానని, ఇన్నేళ్ళు బాగా పనిచేశావని మెచ్చుకున్నాడు.

"ఇవి సంచులు గావే, నా ముఖం మీద ఉమ్ములు," అన్నాడు రాజనర్సు పెళ్ళాంతో. "నోటితోని గెలువు అంటరు, చేతితోని సంచి ఇస్తరు. అన్నీ వాపస్ ఇచ్చిరా, పో."

"ఎట్లిస్త? మా తమ్ముని పెండ్లికి పన్నెండు చీరలు మోస్కపోయింది గంగవ్వ కొడుకే గదా? పక్క బిల్డింగు అనురాధ ఊరికి పోయినప్పుడు మీ అమ్మకు కండ్లద్దాలు పంపలేదా? ఇయ్యాల ఏ ముఖం పెట్టుకోని వద్దంట?"

దానికి గటర్ కూడా పనికిరాదు.

అసలు ముప్పు అనురాధ రూపంలో వచ్చింది. ఆమె జగిత్యాలలో చెల్లెలి గృహప్రవేశమని ప్రెషర్ కుక్కర్ తెచ్చిచ్చింది. అది చూసి బాగుందని ఇంకో ఇద్దరు కుక్కర్లే కొన్నారు. వాళ్ళను అనడానికేమీ లేదు. కానీ ఎన్నికల్లో రాజనర్సుకు వచ్చిన గుర్తు కూడా కుక్కరే.

శుక్రవారం మధ్యాహ్నం ఎన్నికల తనిఖీ బృందం జీపు వచ్చి గల్లీలో ఆగింది. కుక్కర్ గుర్తు అభ్యర్థి ఇంట్లో ఓటర్లకు పంచడానికి కుక్కర్లూ చీరలూ పేర్చి పెట్టారని ఎవరో ఫిర్యాదు చేశారట. దేశాయి అనే అధికారి, ఒక గుమాస్తా, ఒక వీడియో తీసే మనిషి మెట్లెక్కి వచ్చి తలుపు తోశారు. తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగం వెనక సంచులున్నాయి.

"యే సబ్ క్యా హై?" అన్నాడు దేశాయి.

"సంచులు సాబ్. మావి గావు. జనానివి," అన్నాడు రాజనర్సు హిందీలో.

"జనానికి ఇచ్చేవా?"

"కాదు సాబ్. జనం నాకిచ్చినవి."

దేశాయి ఉద్యోగ జీవితంలో ఓటర్లు అభ్యర్థికి చీరలు పంచడం ఇదే మొదటిసారి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రతి సంచికీ యజమాని వచ్చి, ఎందుకిచ్చాడో చెప్పి సంతకం చేయాలన్నాడు. ఒక్క సంచికి మనిషి దొరక్కపోయినా కేసు పెడతానని, పోటీలో ఉండడం కూడా కష్టమేనని తేల్చేశాడు.

బ్రహ్మచారి సారు చెప్పులు లేకుండా గల్లీలోకి పరుగెత్తాడు. పావుగంటలో మెట్ల నిండా జనం. వాళ్ళతోపాటు ఫోను పట్టుకుని సంతోషి. మొదటి సంచి గంగవ్వది.

"ఎందుకిచ్చావమ్మా?" అని అడిగాడు దేశాయి. సారు తెలుగులోకి మార్చాడు.

గంగవ్వ రాజనర్సు వైపు చూసి తల దించుకుంది. "ఊరికి పోతడని."

"ఎన్నికల్లో నిలబడ్డవాడు ఊరికెందుకు పోతాడు?"

గంగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చెప్పకపోతే కేసు. చెబితే పరువు. "ఓడిపోతడు గద సారూ," అంది మెల్లగా.

గుమాస్తా గుజరాతీలో రాసుకున్నాడు: అభ్యర్థి తప్పక ఓడిపోతాడన్న నమ్మకంతో సంచి ఇవ్వడమైనది. గంగవ్వ వేలిముద్ర వేసింది. తరువాత అనురాధ. ఆమె కూడా అదే చెప్పింది. తరువాతివాళ్ళూ అంతే. రాజనర్సును కాపాడాలని ప్రతి ఒక్కరూ ముందుకొచ్చి, ఆయన ఓడిపోతాడని గట్టిగా, సాక్ష్యంతో సహా చెప్పారు. ఒకాయన ఉత్సాహం కొద్దీ డెబ్భై ఓట్లు దాటవని అంకె కూడా ఇచ్చాడు. పదో మనిషి దగ్గరికొచ్చేసరికి గుమాస్తా చెయ్యి నొప్పి పుట్టి, వాక్యం మానేసి, 'ఉపర్ ముజబ్', అంటే పైన చెప్పినట్టే, అని రాయడం మొదలుపెట్టాడు.

నలభై ఆరో సంచిలో ఉన్నది కాగితం చుట్టిన లేహ్యం డబ్బా. దేశాయి పైకెత్తి చూపించాడు. ఎవరూ కదల్లేదు. తెలుగులోకి మార్చాల్సిన సారు కూడా నోరు తెరవలేదు.

"సారూ, గది ఎవలిదో అడుగుండ్రి," అన్నాడు రాజనర్సు.

"నాదే," అన్నాడు సారు గోడకు చెబుతున్నట్టు. "మా అక్కయ్యకు దగ్గు."

"ఓడిపోతే అనే మాటనే అనద్దంటిరి గదా!"

"అనలేదు కదా రాజనర్సూ. సంచి మాత్రమే ఇచ్చాను."

ఉపర్ ముజబ్.

ఇంకొక్కటే మిగిలింది. నీలం రంగు పెద్ద సంచి. మీద ఊరు లేదు, పేరు లేదు. దేశాయి మూడుసార్లు అడిగాడు. గుమాస్తా కేసు కాగితం తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. అప్పుడు స్వరాజ్యం వంటింట్లోంచి వచ్చింది.

"నాదే సారూ. అండ్ల ఆయన బట్టలు, నా బట్టలు ఉన్నయి. సదిరిపెట్టిన."

"నువ్వు గూడనా?" అన్నాడు రాజనర్సు.

"అందరు గట్లనే అంటుంటే నాకు గూడ గట్లనే అనిపించింది," అని ఆమె ఏడ్చేసింది.

నలభై ఏడు సంచులకూ నలభై ఏడు సంతకాలు. కేసు లేదు. దేశాయి రాజనర్సు భుజం తట్టి జీపెక్కాడు. అప్పుడు సంతోషి ఫోను పైకెత్తింది. ఈసారి ఆమె గొంతులో కూడా వెటకారం లేదు.

"కాకా, నీ సొంతోళ్లే నువ్వు ఓడిపోతవని రాసిచ్చిండ్రు. ఏమంటవ్?"

"గటర్! గటర్!" అని సారు వెనకనుంచి గొణిగాడు. రాజనర్సు నవ్వనూ లేదు, గటర్ మాట ఎత్తనూ లేదు.

"ఏమంట బిడ్డా, ఓడిపోతే ఓడిపోత. పోయినసారి ఓడిపోయిన, తెల్లారి ఏడింటికి సాంచెల కాడున్న. ఈసారి గూడ సేఠ్‌ను బతిమిలాడి గక్కడనే ఉంట. ఊరికి పోత అన్నది కోపంల అన్న, తప్పే. గని ఒక్కటి చూడు. గీ సంచులల్ల పట్టుచీరెలున్నయి. ఒక దాంట్ల బంగారు కమ్మలు గూడ ఉన్నయట. ఒక్క సంచికి తాళం లేదు. ఒక్కలన్న జాగ్రత్త అని చెప్పలే. నా చేతిల పెడితే చేరుతదని అందరికి తెలుసు. గింత నమ్మినోళ్లకు ఒక్క బటన్ ఒత్తెటందుకు నా మీద నమ్మకం ఎందుకు లేదో, గదొక్కటే నాకు సమజైతలేదు."

అని లోపలికి పోయి, సంచుల మధ్య ఉన్న కాస్త చోటులో కూర్చున్నాడు. మెట్ల మీద జనం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక కిందికి దిగారు. గంగవ్వ మాత్రం దారిపొడుగునా తనను తానే తిట్టుకుంది.

సంతోషి ఆ మాటల కింద హిందీ అనువాదం వేసి చానల్లో వదిలింది. కోసాడ్ క్వార్టర్లలో ఒడియావాళ్ళున్నారు, మరాఠీవాళ్ళున్నారు, యూపీవాళ్ళున్నారు. ఊరికి పోయేవాడి చేతిలో సంచి పెట్టనివాడు వాళ్ళలోనూ ఒక్కడు లేడు. పైగా ఆ వార్డులో గెలిచేది నలుగురు, ఒక్కో మనిషి నాలుగు బటన్లు నొక్కవచ్చు. మూడు ఎలాగూ పెద్ద పార్టీలకు పోయేవే. నాలుగోది ఎవరికైతే ఏమిటిలే అని ఎప్పుడూ అనుకునే జనం, ఆ ఆదివారం దాన్ని గురించి కాస్త ఆలోచించారు.

మంగళవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. రాజనర్సు నాలుగో స్థానంలో, పంతొమ్మిది ఓట్ల మెజారిటీతో గెలిచాడు. ఆయన పెట్టె పెట్టెకూ అంకెలు విని, సొంత గల్లీ లెక్క రాగానే మూడువందల పదకొండు అని రెండుసార్లు పైకి అనుకుని, లెక్కింపు హాలు మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. గెలిచానన్న సంగతి తరువాత ఎవరో చెబితే తెలిసింది.

గల్లీలో మొదట డప్పు మోగింది. వెంటనే, మరి సంచుల సంగతేమిటని ఎవరో అడిగారు. "సారు తీస్కపోతడు," అంది స్వరాజ్యం ఖరాఖండిగా. సారు కాదనలేకపోయాడు.

అంతలో సంతోషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "కాకా, జీత్ గయే! ఇప్పుడేం జేస్తవ్?"

రాజనర్సు సారు వైపు చూశాడు. సారు ఆకాశం వైపు చూశాడు. ఓడిపోతే ఏం చెప్పాలో నేర్పిన మనిషికి, గెలిస్తే ఏం చెప్పాలో తట్టనే లేదు. రాజనర్సు దండలు సర్దుకుని, గల్లీ వైపు తిరిగి, చేతులు జోడించాడు.

"ఓడిపోతే ఏం జెయ్యాల్నో నాకు బాగ ఎరుకే. గెలిస్తే ఏం జెయ్యాల్నో జర మీరే చెప్పుండ్రి," అన్నాడు.

ఇది జరిగి మూడు నెలలైంది. ఇంకా చెబుతూనే ఉన్నారు.