పెద్దల బండి

ఆ పొద్దున రవికుమార్ పెట్టుకున్న పని చాలా చిన్నది. జూలూరుపాడులో భోజనం డబ్బాలు వ్యానులో ఎక్కించుకోవాలి. అడవి అంచున ఉన్న ఇప్పలగుంపు అనే చిన్న ఊరికి వెళ్ళి వాటిని అక్కడి ముసలివాళ్ళకు పంచాలి. తిరుగుప్రయాణంలో బొజ్జయ్య అనే తాతను ఎక్కించుకొని, పదకొండు కొట్టే లోపల ఖమ్మం దవాఖానాలో కంటి డాక్టరు ముందు దించాలి. మొన్నటిదాకా ఖమ్మంలో ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటో తోలుతూ, ఆటో పట్టనంత మందిని కుక్కి, అందరి చేతా తిట్లు తిన్నవాడికి ఇదొక పనా?

అయినా సునంద మేడం ఒకటికి రెండుసార్లు చెప్పింది. ముసలివాళ్ళకు తిండీ బండీ చూసే ఆ సంఘం ఆమెదే. కింద వంటగది, మేడ మీద ఆఫీసు. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళంతా ఆఫీసును 'పైన' అంటారు. ఆమె మెట్ల మీద నుంచే కేకేసింది.

"రవీ, డబ్బాలు చల్లారినా పర్వాలేదు గని, తాతను మాత్రం ఇడిసిపెట్టి రాకు. రెండు కండ్లల్ల పొరలు. ఒకసారి వాగు అడ్డమొచ్చింది, ఇంకోసారి ఆటో దొరకలే. డాక్టర్‌కు ఖమ్మంల ఇయ్యాల్నే ఆఖరు రోజు. ఇయ్యాల తప్పితే మల్ల చలికాలం పోయినంకనే."

"మీరు రంది పడకుండ్రి మేడం. ఎత్తుకొనైనా తీస్కపోత," అన్నాడు రవికుమార్.

వ్యాను కొత్తది, తెల్లది. ఖమ్మంలో బట్టల కొట్టు నడిపే ఒకాయన తన తండ్రి పేరు మీద ఇచ్చాడు. వెనక తలుపుల నిండా ఆ తండ్రి బొమ్మ, కింద 'కీ.శే. చందూలాల్ గారి జ్ఞాపకార్థం' అన్న అక్షరాలు. ఉత్త బొమ్మ బోసిగా ఉందని పెయింటరు తన ఖర్చుతో దాని చుట్టూ బంతిపూల దండ కూడా వేశాడు. రెండు పక్కలా 'పెద్దలకు భోజనం - పెద్దలకు ప్రయాణం' అని ఎర్రటి అక్షరాలు. చందూలాల్ గారు మాత్రం లోపలికి రమ్మన్నట్టు నవ్వుతూ ఉన్నారు. బండి ఎంత బాగుందో అని రవికుమార్ దాన్ని పొద్దున్నే రెండుసార్లు తుడిచాడు.

ఇప్పలగుంపు మొదట్లోనే జంపక్క ఇల్లు. జంపక్కకు డెబ్బై దాటాయి. ఆమె వాకిట్లో కూర్చొని పక్కింటి దుర్గతో మాట్లాడుతోంది. దుర్గ పొదుపు సంఘం లీడరు, ఊళ్ళోకి ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది ఆమే. రవికుమార్ డబ్బా తీసి వినయంగా జంపక్క ముందు పెట్టాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"బువ్వ అవ్వా."

జంపక్క దుర్గ వైపు చూసింది. దుర్గ వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "పెద్దలకంట అక్కా," అంది గొంతు తగ్గించి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్దలంటే వయసు మీద పడినవాళ్ళు. పెద్దలంటే కాలం చేసినవాళ్ళు కూడా. పోయినవాళ్ళకు పెట్టుకునే పెత్రమాస నాలుగు రోజులుందనగా ఈ రెండో అర్థానికే గిరాకీ ఎక్కువ. ఆ నెలలో వ్యాను దింపిన సునంద మేడంకు ఇది తట్టలేదు, రవికుమార్‌కు అసలే తట్టలేదు.

"మా పెద్దలకు మేమే పెట్టుకుంటం బిడ్డా. బయటోళ్ళు పెట్టుడు మా తాన లేదు," అంది జంపక్క.

"మీ పెద్దలకు కాదవ్వా, నీకే."

"నాకా? నేనింక ఉన్న గదా."

"ఉన్నవ్ గనుకనే తెచ్చిన," అన్నాడు రవికుమార్. జంపక్కకు ఏమీ అర్థం కాలేదు. ఆమెకు ఎందుకు అర్థం కాలేదో రవికుమార్‌కూ అర్థం కాలేదు. టైం అయిపోతోందని మాట మార్చాడు.

"బొజ్జయ్య తాత ఇల్లేదక్కా? ఆయన్ని తీస్కపోనీకి వచ్చిన."

దుర్గ చేతిలోని చేట జారి కింద పడింది. "బొజ్జన్ననా? ఎవరు చెప్పిన్రు తమ్మీ?"

"పైనుంచి చెప్పిన్రు."

"ఎప్పుడు?"

"పొద్దుగాల్నే. పదకొండుకు టైం ఇచ్చిన్రు. జల్దీ చెయ్యాలె, టైం దాటితే మల్ల దొరకదు."

దుర్గ చెయ్యెత్తి ఊరి చివరనున్న రేకుల ఇల్లు చూపించింది. రవికుమార్ బండి తిప్పుకునే లోపే ఆమె ఫోను తీసి, పత్తిచేనులో కలుపు తీస్తున్న బొజ్జయ్య కూతురు భవానికి కలిపింది. వాన పడి తోవంతా బురద. చక్రం ఒకచోట దిగబడింది. రవికుమార్ కిందికి దిగి రాళ్ళు వేసి, నెట్టి, మళ్ళీ ఎక్కి ఆ ఇల్లు చేరేసరికి వాకిలి నిండా జనం. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నారు. నడుమ నులకమంచం. దాని మీద తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, మొహం మీద తెల్ల తువ్వాలు కప్పుకొని వెల్లకిలా పడుకున్న మనిషి.

తాత పోయాడనుకున్నాడు రవికుమార్. ఇంకొక్క గంట ముందొస్తే ఏం పోయేది, బండి తుడవకపోతే ఏమయ్యేది అని తనను తాను తిట్టుకున్నాడు. పక్కకు వెళ్ళి సునందకు ఫోను చేశాడు.

"మేడం, తాత పోయిండు."

"పోయిండా? ఎవరి బండ్ల పోయిండు?"

"బండేంది మేడం. పోయిండు."

"నువ్వు చేరకముందే ఎట్ల పోతడు? ఒక్కడే పోయిండా, ఎవరన్న తోడు పోయిన్రా?"

రవికుమార్ ఫోను చెవి నుంచి తీసి ఒకసారి చూసుకొని, మళ్ళీ పెట్టుకున్నాడు. "తోడెట్ల పోతరు మేడం?"

"కండ్లు కనిపియ్యని మనిషిని ఒక్కన్నే పంపిన్రా? నీకేమన్న తెలివుందా రవీ? జల్దీ వెంబడి పో. తోవల దొరుకుతడు," అని ఆమె ఫోను పెట్టేసింది.

తోవలో దొరకడమేమిటో ఆలోచిస్తూ రవికుమార్ మంచం దగ్గరికి వచ్చాడు. అప్పుడే ఊరవతల నుంచి ఒళ్ళంతా బురదతో పరుగెత్తుకొచ్చిన భవాని "నాయినా" అంటూ ఆ మంచం మీద పడింది.

తువ్వాలు కింద నుంచి దగ్గు వినిపించింది.

"ఎవరే ఏడ్చేది? ఎవరు పోయిన్రు?"

వాకిట్లో ఏడుపులు ఆగిపోయాయి. చివరికి దుర్గే ధైర్యం చేసింది. "నువ్వే అన్నా."

బొజ్జయ్య తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. ఆపరేషన్‌కు తలస్నానం చేసి రమ్మన్నారు, ఏమీ తినొద్దన్నారు. స్నానం చేసి, తినకుండా, ఈగలకు మొహం కప్పుకొని ఎదురుచూస్తూ చూస్తూ నిద్రపోయాడు. అంతే జరిగింది.

"నేనెట్ల పోత? బండి రాంది," అన్నాడు.

"బండొచ్చింది తాతా," అన్నాడు రవికుమార్ సంతోషం పట్టలేక.

వెనక నిలబడ్డవాళ్ళలో ఇద్దరు మళ్ళీ ఏడుపు అందుకున్నారు.

భవాని లేచి వ్యానును చూసింది. చందూలాల్ గారు దండలోంచి ఆమెను చూసి నవ్వారు. "నేను బతికుండంగ మా నాయిన్ని ఆ బండ్ల ఎక్కనియ్య," అంది.

"కంటి దవాఖానాకే అక్కా. మేడం పంపింది. గీ పెద్దలంటే ముసలోళ్ళే, ఇంకెవరు గాదు," అని రవికుమార్ మొత్తుకున్నాడు. ఎంత మొత్తుకున్నా ఆ బొమ్మ పక్కన నిలబడి చెబుతున్నంత సేపు ఎవరూ చెవిన వేసుకోలేదు.

బొజ్జయ్య మాత్రం చేత్తో గాలిని తడుముతూ కూతురు భుజం పట్టుకున్నాడు. "బండి ఎట్లుంటే నాకేందే? నాకు కనిపిస్తదా ఏమన్న? నీ మొఖం చూసి రెండేండ్లాయె. గొంతును బట్టి నీ పాణం ఎట్లున్నదో అనుకుంటున్న. ఇయ్యాల ఈ బండ్ల పోతే కండ్లొస్తయి. పోకుంటే నిన్ను సూడకుండనే పోత."

భవానికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇక అడ్డం చెప్పలేదు. తను కూడా వస్తానని బురదకాళ్ళతోనే ఎక్కింది. డబ్బాల సంగతి దుర్గ వెంట వచ్చిన జంపక్క తేల్చింది. పెద్దల పేరు మీద వచ్చిన బువ్వను వాకిట్లోంచి తిప్పి పంపకూడదు, మొదటి ముద్ద కాకికి పెట్టి మిగతాది మనం తినాలి అంది. డబ్బాలన్నీ ఒక్క నిమిషంలో దిగిపోయాయి.

బొజ్జయ్యను వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. కొత్త బండి పక్క అద్దం పైకెత్తడం రవికుమార్‌కు ఇంకా చేతకాలేదు. చలిగాలి కొడుతోందని భవాని తెల్ల దుప్పటి తల నుంచి కాళ్ళదాకా కప్పింది. పొద్దుటి ఏడుపు ఇంకా తగ్గక మధ్య మధ్య వెక్కుతూ కూర్చుంది.

ఆ దారిలో రవికుమార్‌కు దక్కిన మర్యాద అంతా ఇంతా కాదు. బొగ్గు లారీలు పక్కకు జరిగాయి. బైకులవాళ్ళు ఆగి చెప్పులు విడిచారు. ఖమ్మం చౌరస్తాలో పోలీసాయన నాలుగు వైపులా బండ్లు ఆపి, టోపీ తీసి నిలబడ్డాడు. ఆటో తోలిన ఇన్నేళ్ళలో ఆ చౌరస్తాలో విజిల్ తప్ప ఏమీ ఎరుగని రవికుమార్, నాలుగు చక్రాల బండి విలువే వేరు అనుకున్నాడు.

దవాఖానా గేటు దగ్గర వాచ్‌మన్ గోపాలు లోపలికి తొంగి చూశాడు. దుప్పటి కనిపించింది, వెక్కిళ్ళు వినిపించాయి.

"ఎప్పుడు జరిగింది?" అని మెల్లగా అడిగాడు.

"ఇంక జరగలే. పదకొండుకు జరగాలె," అన్నాడు రవికుమార్.

గోపాలు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "దుఃఖంల ఉన్నవ్ తమ్మీ. ఎనక గేటుకు పో, నేనొస్త."

వెనక గేటు దగ్గరి గది తాళం వేసి ఉంది. కంటి వార్డు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అని రవికుమార్ ఆశ్చర్యపోయాడు. గోపాలు స్ట్రెచర్ నెట్టుకొచ్చి వ్యాను తలుపు తీసి, పద్ధతిగా చేతులు జోడించి, దుప్పటి అంచు పట్టుకున్నాడు. దుప్పటిలోంచి ఒక చెయ్యి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్ సాబూ, ఏ కన్ను ముందు చేస్తరు?"

గోపాలు అక్కడే చతికిలబడ్డాడు. అతన్ని లేపడానికి నర్సు వచ్చింది కాబట్టే అసలు కంటి వార్డు ఎక్కడో తెలిసింది. గోపాలు తెచ్చిన స్ట్రెచర్ మీద గోపాలునే తీసుకుపోయారు. బొజ్జయ్య కూతురి చెయ్యి పట్టుకొని నడిచిపోయాడు. పదకొండుకు ఇంకా కొంచెం టైం ఉంది.

ఒక కంటికి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. బొజ్జయ్య రెప్పలు మెల్లగా ఆడించి ఎదురుగా ఉన్న కూతురి మొహం చాలాసేపు చూశాడు.

"గిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయే నీకు?"

"నీకు కనిపియ్యనప్పుడు వచ్చినయ్ నాయినా," అంది భవాని. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఇద్దరూ కళ్ళు తుడుచుకోబోతే, ఆయనను తుడుచుకోవద్దని నర్సు కసిరింది.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని బొజ్జయ్య బయటికొచ్చాడు. ప్రతి చెట్టునూ, ప్రతి మనిషినీ ఆగి చూస్తున్నాడు. రవికుమార్ పొద్దున్నే కడిగిన వ్యానును తెచ్చి ఆయన ముందు ఆపాడు. బొజ్జయ్య కళ్ళద్దాలు కొంచెం పైకెత్తాడు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. వెనక్కి వెళ్ళి బొమ్మను చూశాడు, దండను చూశాడు.

"నిన్న నన్ను గీ బండ్లనా తెచ్చింది?"

"అవ్ తాతా. ఎక్కు."

"నువ్వు మంచి పిలగానివే బిడ్డా," అన్నాడు బొజ్జయ్య, "గని నేను బస్సుల పోత."

ఎంత బతిమాలినా వినలేదు. కూతురిని వెంటబెట్టుకొని బస్టాండుకు నడిచాడు. రవికుమార్ ఉత్త బండితోనే బయలుదేరాడు. దారి పొడుగునా అందరూ పక్కకు జరుగుతూ ఉండటంతో బస్సు కన్నా చాలా ముందే ఇప్పలగుంపు చేరాడు. డబ్బాలు కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. వాకిట్లో దుర్గా జంపక్కా లేచి నిలబడి, తెరిచిన తలుపులోంచి ఖాళీ సీటునూ, దాని మీద మడిచిన తెల్ల దుప్పటినీ చూశారు.

"బొజ్జన్న ఏడి తమ్మీ?" అంది దుర్గ.

"ఎనక బస్సుల వస్తున్నడక్కా," అన్నాడు రవికుమార్.

ఆ మాట ఎవరూ నమ్మలేదు.