కడుపునొప్పికి వంతులు

పిల్లల హాజరు గురించి రోజూ ఇళ్లకు ఫోన్ చేసి చెప్పే యంత్రాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నిలువెత్తు విగ్రహం పెట్టించాలని నా గట్టి అభిప్రాయం. ఆవిష్కరణ సభకు వంద శాతం హాజరు ఉండేలా చూసే పూచీ నాది!

నవ్వకండి. ఈ యంత్రం రాకముందు నేనెలాంటి తండ్రినో మీకు తెలియదు. మీ అమ్మాయి ఏ సెక్షనని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాణ్ని. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను: ఏడో తరగతి, బి సెక్షన్, రోల్ నంబర్ ఇరవై రెండు. ఎవరి పుణ్యం? సరిగ్గా తొమ్మిదీ ఇరవైకి మోగే ఆ ఫోన్ పుణ్యమే కదా!

పిల్ల బడికొస్తే వచ్చిందని ఫోన్‌లో ఓ ఆడగొంతు చెబుతుంది. రాకపోతే ఆ గొంతు ఇంకా తియ్యగా మారుతుంది. "మీ పాప ఈ రోజు బడికి హాజరు కాలేదు. కారణం జ్వరమైతే ఒకటి నొక్కండి. ప్రయాణమైతే రెండు నొక్కండి. మరేదైనా అయితే మూడు నొక్కండి." మూడు నొక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అంటే జ్వరం, ప్రయాణం తప్ప మనిషికి వేరే కష్టాలే లేవని యంత్రం తేల్చేసిందన్నమాట. ఇంతకన్నా మనశ్శాంతి ఏముంటుంది?

మా అత్తగారికైతే ఆ గొంతంటే ప్రాణం. "అన్నం తిన్నావా తల్లీ? పొద్దున్నే డ్యూటీకొచ్చేశావా?" అని రికార్డింగునే పలకరిస్తారు. జవాబు రాకపోతే "పాపం, పనిలో ఉన్నట్టుంది" అని పెట్టేస్తారు. ఓ ఆదివారం కూడా ఫోనొచ్చింది, మీ పాప రాలేదని. ఆ రోజు బడిలో ఒక్క పిల్ల కూడా లేదు కాబట్టి, యంత్రం చెప్పింది అక్షరాలా నిజం!

ఇక షీల్డు సంగతి. నెలలో ఏ ఒక్కరోజూ హాజరు తొంభై ఏడు శాతానికి తగ్గని తరగతికి షీల్డు ఇస్తారు. పోయిన నెల సి సెక్షన్ పిల్ల ఒకతె షీల్డు కోసం నూట రెండు జ్వరంతో బడికొచ్చింది. ఆ త్యాగం వృథా పోలేదు. నాలుగు రోజుల్లో పద్నాలుగు మందికి అదే జ్వరం. పిల్లల్లో ఇంత ఐకమత్యం మన రోజుల్లో ఎప్పుడైనా చూశామా?

ఇంత పెద్ద వ్యవస్థ నడవాలంటే బడికో హాజరు అధికారి కావాలి కదా! శాతాలు తీయాలి, దశాంశాలు సరిచూడాలి, రాని పిల్లల ఇళ్లకు వెళ్లాలి. విద్యాశాఖ ఆఫీసువాళ్లు బాగా ఆలోచించి, బడిలో లెక్కలు అందరికన్నా బాగా వచ్చిన మనిషిని ఏరి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మా అమ్మాయి లెక్కల మాస్టారు.

అదిగో, ముఖం చిట్లించారు! మరి లెక్కలెవరు చెబుతారంటారు. ఇలాంటి చిన్న విషయాలు పట్టుకుని వేలాడితే లోకం ఎలా బాగుపడుతుంది? నాలుగు నెలలుగా లెక్కల పీరియడ్‌లో ముప్పై ఆరు మంది పిల్లలు చేతులు కట్టుకుని, ఖాళీ బోర్డు వైపు చూస్తూ, నిండుగా హాజరవుతున్నారు.

లెక్కలంటే చెవి కోసుకునే మా అమ్మాయికి మొన్న పరీక్షలో యాభైకి తొమ్మిది వచ్చాయి. ఇంకో నెలన్నరకి పెద్ద పరీక్ష. ఆ కాగితం నా చేతికిస్తూ అది ఏడవలేదు. ఏడ్చినా నాకు బాగుండేది.

పోయిన మంగళవారం దానికి కడుపునొప్పి వచ్చింది. విచిత్రమైన కడుపునొప్పి! జడ వేసుకుంది, రెండు పెన్సిళ్లు చెక్కుకుంది, నోటుపుస్తకం తెరిచి గుమ్మానికెదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తొమ్మిదీ ఇరవైకి ఫోనొచ్చింది. పదకొండింటికి చంకలో ఫైలుతో మాస్టారొచ్చారు. రూలు ప్రకారం, బడికి రాని పిల్లకు ఆయన ఇంటికొచ్చి నలభై నిమిషాలు కౌన్సెలింగ్ చెయ్యాలి.

"ఎందుకు రాలేదమ్మా?" అన్నారు నీరసంగా.

"అది తర్వాత రాసుకుందురుగానీ సార్. ముందు ఈ లెక్క చెప్పండి. అటువైపు వెళ్లగానే ప్లస్ కాస్తా మైనస్ ఎందుకైపోతుంది?"

మాస్టారు నా వైపు చూశారు. ఫైలు వైపు చూశారు. తర్వాత దాన్ని కుర్చీ కింద పెట్టేసి పెన్సిల్ అందుకున్నారు.

"ఏదీ ఎక్కడికీ వెళ్లట్లేదమ్మా. రెండువైపులా ఒకటే తీసేస్తున్నాం, అంతే. ఇదిగో చూడు" అంటుంటే ఆయన గొంతే మారిపోయింది. నలభై నిమిషాలు కాస్తా గంటంబావు అయింది. "నాలుగు నెలలైందండీ, లెక్క చెప్పి" అన్నారు నాతో, వెళ్తూ వెళ్తూ. నాకు చాలా సిగ్గేసింది, ఎందుకో ఆయన తరఫున కూడా.

ఆయన వెళ్లాక నోటుపుస్తకం చివరి పేజీ నా కంటపడింది. ముప్పై ఆరు పేర్లు, ఎదురుగా తేదీలు.

"ఏమిటే ఇది?"

"కడుపునొప్పి వంతులు నాన్నా. రోజుకొకరు. మొదటి వంతు నాది. ఇంట్లో సార్ చెప్పింది మర్నాడు లెక్కల పీరియడ్‌లో మిగతావాళ్లకి చెప్పాలి. ఒక్కళ్లు మానేస్తే తొంభై ఏడు పాయింట్ రెండు. ఇద్దరు మానేస్తే తొంభై నాలుగుకి పడిపోతుంది, షీల్డు పోతుంది."

"ఈ శాతాలు ఎవరు తీశారు?"

"మేమే. దశాంశం తప్పుంటే ఇందాక సార్ దిద్దారు." నిజమే, పేజీ మీద ఎర్ర సిరా ఇంకా తడిగానే ఉంది.

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడుతున్నాను. బడి మానేస్తే తప్ప చదువు రాదని పిల్లలకు ఇంత చక్కగా నేర్పిన వ్యవస్థ ఇంకొకటుందా? విగ్రహం పెట్టాల్సిందే! అధికారులకు ఒక్క చిన్న మనవి. ఎలాగూ రోజూ ఫోన్ చేస్తున్నారు, ఆ గొంతుచేత ఇంకో ముక్క కూడా చెప్పించండి: "మీ పాప లెక్కల మాస్టారు ఈ రోజు కూడా తరగతికి హాజరు కాలేదు. కారణం, హాజరు."

ఆ ఫోన్ మా అత్తగారే ఎత్తుతారు. ఈసారి అన్నం తిన్నావా అని మాత్రం అడగరు.