కంకర లేవని దారి

ఏటి వరద ధాన్యపు కొట్టంలోకి వచ్చిన మరుసటి ఏడు, జనవరి ఆఖరు. మూడు రోజులు మంచు కురిసి, శనివారం తెల్లారేసరికి కంచెలూ లేవు, రోడ్లూ లేవు. నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

సెల్మర్ కూతురు రాగ్నా పెళ్లి ఆ రోజే. చర్చి గుమ్మం దాకా మంచు తోసి దారి తీస్తానని మాటిచ్చాడు. మనిషి మాట్లాడేదే తక్కువ. అన్నది మాత్రం పోనివ్వడు.

"సరస్సు పక్క మలుపు దగ్గర చూసుకో" అంది భార్య థోరా.

"పుట్టినప్పట్నుంచీ పోతున్న రోడ్డే" అని ట్రాక్టర్ ఎక్కాడు.

ముందున్న ఇనప పలకను నేలకు రెండు వేళ్ల ఎత్తులో ఉంచాడు. ఇంకా దింపితే రోడ్డు మీది కంకరంతా పక్క కాలవ పాలు. మంచు నిలువెత్తు కెరటంలా లేచి పక్కకు ఒరుగుతోంది. మలుపు దాటాక ఒక్క రాయి కూడా లేవలేదు. తన చేతిపనికి తనే విస్తుపోయాడు. అటూ ఇటూ, క్రిస్మస్ అయ్యాక పారేసిన చెట్లు వరసగా పాతి ఉన్నాయి. రోడ్డుకు గుర్తులు పెట్టారన్నమాట, పంచాయతీ వాళ్లకు ఈ ఏడు బుద్ధొచ్చింది అనుకున్నాడు.

వెనక పాస్టరు గారి కారు, ఆ వెనక పెళ్లివారి కార్లు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ముందు పోయేవాణ్ణి తప్పుపట్టడం ఆ ఊళ్లో మర్యాద కాదు.

చెట్లు ఒక చెక్క గది దగ్గర ఆగిపోయాయి. లోపల్నుంచి, ఊళ్లో చేపలు పట్టే ఓరిన్ గాలంతో బయటికొచ్చాడు.

"ఇంతమందొచ్చారేంటి సెల్మర్? పొద్దున్నుంచి పడ్డ చేపలు రెండే."

సెల్మర్ కిందికి చూశాడు. కాళ్ల కింద నల్లని మంచుగడ్డ. సరస్సు నడిమధ్య.

"మీరైనా చెప్పొద్దా పాస్టరు గారూ?"

"చర్చి ఎడమపక్క వెనక్కి పోతుంటే అనుమానమొచ్చింది. నీకు తెలుసేమోలే అనుకున్నా."

"మాకూ వచ్చింది. పాస్టరు గారున్నారు కదా అని ఊరుకున్నాం" అన్నాడు వియ్యంకుడు.

"గడ్డ మందం మూరకు పైనే ఉంది, భయం లేదు" అన్నాడు ఓరిన్.

అప్పుడు గడ్డ మోగింది. ఈ ఒడ్డున మొదలై ఆ ఒడ్డుదాకా, భూమి గొంతు సవరించుకున్నట్టు. చర్చిలో అడుగుపెట్టినట్టు అందరూ టోపీలు తీశారు. మబ్బు విడింది. సరస్సంతా వెలుగు.

"ఇక్కడే కానిద్దాం నాన్నా" అంది రాగ్నా మెల్లగా.

"చర్చి గుమ్మం అన్నానమ్మా."

"ఇంతకన్నా పెద్ద గుమ్మం ఎక్కడుంది?"

సెల్మర్ కూతురికి చెయ్యి అందించాడు. పాస్టరు గారు పుస్తకం తెరిచారు.

మర్నాడు ఆదివారం. సెల్మర్ చీకటితోనే లేచి, కంకర గలగలమంటుంటే, చర్చి గుమ్మం దాకా దారి తీశాడు. మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు.

ఊరంతా పాస్టరు గారి వెంట ప్రార్థనకు సరస్సు మీదికి వెళ్లింది.