సముద్ర వేట శిక్షణ మండలి

ఒక పెద్ద అడవిలో, నేల అయిపోయి మడచెట్లు ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టే చివరన, సముద్రపు పిట్టలు కాపురం ఉండేవి. నెత్తిన నల్లటోపీ, వెనక కత్తెర తోక. తెల్లారగానే సముద్రం మీదికి పోయేవి, పైనుంచి రాయిలా పడేవి, చేపతో లేచేవి. వాటి గుంపు ఎక్కడ తిరుగుతోందో చూసుకుని జాలర్లు వల వేసేవాళ్లు.

ఆ పిట్టల్లో నూకాలు ఒకతె. ఆ ఏడు ఆమెకి ఇద్దరు పిల్లలు. రెక్కలొచ్చిన పదో రోజున పెద్దది తల్లి వెనకే సముద్రం మీదికి వెళ్లి, ఈదురుగాలికి చిక్కి, తిరిగి రాలేదు. ఇంకో ఇంటి పిల్ల కూడా ఆ గాలికే పోయింది.

అడవి సభ ఆదరాబాదరాగా కూడింది. సభకి కార్యదర్శి నక్క.

"పిల్లలకి వేట నేర్పుతున్నది ఎవరు?" అని నక్క అడిగింది.

నూకాలు కళ్లు ఇంకా ఆరలేదు. "ఎవరూ నేర్పరు బాబూ. మా ఎనకాల వస్తారు. మేం పడటం చూస్తారు. నీళ్లమీద ఆకు తేలినా, నురగ తేలినా దానిమీద పడతారు. వందసార్లు పడితే ఒక చేప చిక్కుద్ది. అందాకా మేమే పెడతాం."

నక్క సభవైపు తిరిగింది. "విన్నారా! వందకి ఒకటి. ఒక్క శాతం ఉత్తీర్ణత!"

సభ నోరెళ్లబెట్టింది. సముద్రం ఎటువైపుందో తెలియని ఎలుగుబంటి కూడా "ఘోరం, ఘోరం" అని తల పట్టుకుంది. నూకాలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన బతుకుతెరువుని చూసుకుని సిగ్గుపడింది.

మధ్యాహ్నం తిరిగేసరికి సముద్ర వేట శిక్షణ మండలి పుట్టింది. అధ్యక్షుడు కొంగ ధవళమూర్తిగారు. ఆయన ఏనాడూ మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగినవాడు కాదు. కానీ ఒంటికాలి మీద గంటలకొద్దీ కదలకుండా నిలబడతాడు గనక, ఏదో గొప్ప విషయం ఆలోచిస్తున్నాడని అడవంతా అనుకునేది.

మండలి పరీక్ష గట్టెక్కేదాకా ఏ పిల్లా సముద్రం మొహం చూడకూడదని శాసనం చేశారు. తల్లులు రోజూ చేపలు తెచ్చి మండలి గేటు దగ్గర ఇచ్చి వెళ్లిపోవాలి. అందులో లావుపాటివి నక్క 'నాణ్యత పరిశీలన'కి తీసుకునేది. పరిశీలించినవి మళ్లీ కనిపించేవి కావు.

నూకాలు తన చిన్నవాడు ఎల్లాజీని స్వయంగా తీసుకెళ్లి చేర్పించింది. "బాగా చదువుకో నాయనా. మీ అక్కలాగ అవకూడదు," అని చెప్పి, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

శిక్షణ ఒక మడుగులో. నీళ్లు కప్పకి నడుందాకా వస్తాయి. మధ్యలో రెల్లుపుల్లతో గీసిన గుండ్రం, గుండ్రంలో దారంతో కట్టిన చచ్చిన నెత్తళ్లనే చిన్న చేపలు. ధవళమూర్తిగారు గంట కొడితే పిల్ల కొమ్మమీంచి దూకాలి.

"చేప ఎక్కడ ఉంటుంది?" అని ఆయన అడిగేవాడు.

"ఎక్కడ కనిపిస్తే అక్కడే ఉంటుంది!" అని పంతొమ్మిది పిల్లలూ అరిచేవి.

"రెండుసార్లు గురి తప్పితే?"

"ఫెయిల్!"

ఎల్లాజీ ఒక్కసారీ తప్పలేదు. రెక్కలు ఇంతవరకే మడవాలంటే అంతవరకే మడిచేవాడు. పరీక్షలో వాడికే ఫస్టు ర్యాంకు వచ్చింది. ఆ కబురు విన్నరోజు నూకాలు సముద్రం మీద ఎదురైన ప్రతి పిట్టకీ చెప్పింది. ఏ గూటిదో తెలియని పరాయి పిట్టని కూడా ఆపి మరీ చెప్పింది.

పట్టాలిచ్చే రోజు అడవి సభ మొత్తం ఒడ్డుకి తరలివచ్చింది. మొదటి కెరటం పాదం తడపగానే ధవళమూర్తిగారు ఎగిరి మడచెట్టెక్కి, అక్కడినుంచి ప్రారంభోపన్యాసం చేశాడు.

"ఎల్లాజీ, చూపించు నాయనా!"

ఎల్లాజీ సముద్రం మీదికి వెళ్లాడు. కింద ఏదీ నిలకడగా లేదు. వాడు ఒక చుట్టు తిరిగాడు, రెండు చుట్లు తిరిగాడు.

"ఎందుకు దూకడు?" ఎలుగుబంటి అడిగింది.

"గంట కొట్టలేదు కదండీ," అంది నక్క.

గంట కొట్టారు. నీటి కింద నెత్తళ్ల మంద వెండిలా మెరిసింది. ఎల్లాజీ కనిపించిన చోటే, చదువుకున్నట్టే పడ్డాడు. ముక్కులో ఉప్పునీళ్లు తప్ప ఏమీ రాలేదు. నీళ్లలో చేప కనిపించేదానికన్నా కిందుగా ఉంటుందని వాడికి చెప్పినవాళ్లు లేరు. మళ్లీ పడ్డాడు. మళ్లీ ఉప్పే.

రెండు అయ్యాయి. మూడోది దూకితే నిబంధనకి విరుద్ధం. వాడు తిన్నగా వచ్చి ఇసుకదిబ్బ మీద తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత వెళ్లిన పద్దెనిమిదిమందీ అలాగే వచ్చి వాడి పక్కన వరసగా కూర్చున్నారు.

అప్పుడు నక్క గొంతు సవరించుకుంది. "శిక్షణలో లోపం లేదు. సముద్రమే సిలబస్ ప్రకారం లేదు. దానికి తాఖీదు పంపుదాం."

తీర్మానం ఏకగ్రీవమైంది. పట్టాలు పంచారు. అందరూ భోజనాలకి వెళ్లిపోయారు.

పట్టా పుచ్చుకున్నవాళ్లకి గేటు దగ్గర చేపలు ఆపేశారు, తల్లులు కూడా పెట్టకూడదన్నారు. ఉత్తీర్ణులు కదా, ఇక ఎవరి తిండి వాళ్లదే. అప్పటికే గాలి మళ్లుతోంది. ఇంకో వారంలో పిట్టలన్నీ దక్షిణానికి కదలాలి. వేట రాని పిల్ల ఆ దారిలో రెండు రోజులు బతకదు.

మూడో రోజు నూకాలు ఎల్లాజీ ఎండిన డొక్కలు చూసింది. నోట్లో చేపతో దిబ్బ మీద వాలింది. వాడు నోరు తెరిచాడు. ఆమె పెట్టలేదు. చేపతోనే సముద్రం మీదికి ఎగిరింది. వాడు అరుస్తూ వెంటపడ్డాడు. ఒడ్డు చిన్న గీతలా కనిపించేంత దూరం పోయాక ఆ చేప వాడి నోట్లో పెట్టి, "ఇప్పుడు నువ్వు పడు," అంది.

"నేను ఫస్టు ర్యాంకమ్మా. తప్పితే ఎలాగ?"

నూకాలు రెక్కలు ముడిచి పడింది, ఖాళీ నోటితో లేచింది. మళ్లీ పడింది, మళ్లీ ఖాళీ. నాలుగోసారికి ఆమె ముక్కులో నెత్తల్లు తళుక్కుమంది.

ఎల్లాజీ అలా చూస్తూ ఉండిపోయాడు. వాడు ఇన్నాళ్లూ తల్లి తెచ్చిన చేపల్నే చూశాడు, తేలేని చేపల్ని చూడలేదు.

"నువ్వు కూడా తప్పుతావా అమ్మా?"

"రోజూ తప్పుతాను నాయనా. మీ నాన్న ఇంకా తప్పేవాడు."

"మరి ఎవరూ ఏమీ అనరా?"

"ఎవరంటారు? అందరూ పడుతూనే ఉంటారు కదా."

వాడు పడ్డాడు. తప్పాడు. సాయంత్రం దాకా పడుతూనే ఉన్నాడు. ఆకుమీద పడ్డాడు, నురగమీద పడ్డాడు, ఒకసారి తల్లి తోకమీదే పడ్డాడు. ఎండ వాలే వేళకి వాడి ముక్కులో ఒక చిన్న నెత్తల్లు అడ్డంగా ఇరుక్కుంది. ఎలా మింగాలో తెలియక దాంతోనే మూడు చుట్లు తిరిగాడు.

మర్నాడు మిగతా తల్లులూ ఇదే పని చేశారు. కానీ రోజులు చాలలేదు. గాలి పూర్తిగా మళ్లి గుంపు లేచే ఉదయానికి పద్నాలుగుమంది పిల్లలే రెక్క కలిపారు. ఐదుగురు గురి తప్పుతుందన్న భయంతో దిబ్బ దిగలేదు. వాళ్ల తల్లులు గుంపుతో కదల్లేదు.

నూకాలు వెళ్తూ వెళ్తూ ఒకసారి దిబ్బమీదుగా చుట్టు తిరిగింది. పిలిచింది. పిలిచినకొద్దీ ఆ ఐదుగురూ పట్టాలని ఇంకా దగ్గరగా హత్తుకున్నారు.

అడవిలో మాత్రం విజయోత్సవం జరిగింది. పద్నాలుగుమంది దక్షిణానికి వెళ్లడం మండలి ఘనతేనని నక్క నివేదిక చదివింది. ఎల్లాజీ బొమ్మ గేటు మీద వేయించారు. అదే ఊపులో చేపపిల్లలకి ఈత నేర్పే కేంద్రం ఒకటి తెరవాలని నిశ్చయించారు. దానికి ప్రిన్సిపాలుగా, జీతం భత్యం లేకుండా పనిచేస్తానని ధవళమూర్తిగారు అప్పటికప్పుడే ముందుకొచ్చాడు. ఆయన త్యాగానికి సభ కళ్లు చెమర్చాయి.

నీతి కావలసినవాళ్లకి ఇంతే: పని వచ్చినవాళ్లు పనిలో ఉంటారు గనక, నేర్పే బాధ్యత ఎప్పుడూ తీరిగ్గా ఉన్నవాళ్లకే అప్పగించాలి.