నాచు మందు మహిమ

ఒక పెద్ద అడవిలో, కమిటీలు వేసుకోగా మిగిలిన చోట జంతువులు కాపురం ఉండేవి. అడవి మధ్యలో ఒక కుంట. పిల్లలు పుట్టేది దాని గట్టునే, తాగి పెరిగేది ఆ నీళ్లే.

మంత్రి నక్కగారు ఒకనాడు ఆ కుంటలో నాచు మందు పోయించారు. నాచు మీద ఏనుగులు జారిపడుతున్నాయని సభలో చెప్పారు. అసలు సంగతి వేరు. అడవి అంచున మందుల గోదాము ఉంది. కాలం చెల్లిన కలుపుమందు పారబోసుకోవడానికి చోటు చూపించినందుకు, అక్కడి కాపలావాడు డబ్బాకో కోడి చొప్పున మంత్రిగారికి సమర్పించుకుంటున్నాడు.

కుంట తేటపడింది. అందరూ మంత్రిగారిని మెచ్చుకున్నారు. కోళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. తొలకరి పడగానే ఈడొచ్చిన పిల్లల్ని సభకు తెచ్చి మంత్రిగారి కొలబద్ద ముందు నిలబెట్టాలి. జింకకి కొమ్ములు, నెమలికి పింఛం, మగకప్పకి అరుపు సరిపడా ఉన్నాయని ఆయన ముద్ర వేస్తేనే పెద్దయినట్టు లెక్క.

కుంటలో మందు పడుతూ కొన్నేళ్లు గడిచాక, ఒక తొలకరికి దర్దురయ్య అనే ముసలి కప్ప తన మనవడు బుడుంగుని తీసుకొచ్చాడు. దర్దురయ్య గొంతు విప్పితే పక్క అడవిలో కూడా నిద్ర పట్టేది కాదు. మనవడు మాత్రం నోరు తెరిచాడు, మూశాడు. అంతే. మిగతా కుర్ర కప్పలదీ అదే వరస. కొందరిలో గుడ్లు పెట్టే లక్షణాలు కూడా కనిపిస్తున్నాయని కప్పమ్మలు గుసగుసలాడుకున్నారు.

"ఆడకప్పలు అరుపు వినే వస్తాయి మంత్రిగారూ. వీళ్లు అరవకపోతే మా వంశం ఇక్కడితో ఆఖరు. ఆ నీళ్లలో ఏదో ఉందండీ," అన్నాడు దర్దురయ్య.

నీళ్ల మాట రాగానే మంత్రిగారికి కోళ్లు గుర్తొచ్చాయి. వెంటనే గార్దభాచారిగారి అధ్యక్షతన కమిటీ వేశారు. గాడిదగారు సభ ఎదుటే కడుపునిండా కుంట నీళ్లు తాగి, ఓండ్ర పెట్టి చూపించారు. ఓండ్ర ఇదివరకటి కన్నా శ్రావ్యంగా ఉందని కమిటీ తేల్చింది.

"తమరు పెరగడం అయిపోయాక తాగారు. నా మనవడు తోకతో ఉన్నప్పటి నుంచీ తాగుతూ పెరిగాడు," అన్నాడు దర్దురయ్య.

అంత సన్నటి తేడా కమిటీ బుర్రలో పట్టలేదు. మంత్రిగారు కుంట జోలికి పోకుండా కొలతల జోలికి పోయారు. మగకప్ప మౌనంగా ఉండటమే సంస్కారమని చెప్పి బుడుంగుకి ముద్ర వేసేశారు. ఆ ముద్ర పెట్టుకుని వాడు గట్టున కూర్చున్నాడు. ఒక్క ఆడకప్పా రాలేదు. వాటికి చదువు రాదు మరి.

జింకపిల్లల కొమ్ములు బొడిపెల దగ్గరే ఆగిపోతే, బొడిపెలే కొమ్ములన్నారు. నెమలి కుర్రాడి పింఛం కోడితోకంత ఉంటే, పింఛం మనసులో ఉండాలని ప్రసంగించారు. ఆ తోక చూసి మంత్రిగారికి నోరూరిందని కూడా చెప్పుకుంటారు.

ఇంతలో యువరాజుగారి వంతు వచ్చింది. సింహం పిల్లాడే గానీ మెడ నున్నగా ఉంది, జూలు లేదు. గర్జించమంటే "మ్యావ్" అన్నాడు. రాజుగారు చూసిన చూపుకి మంత్రిగారు అక్కడికక్కడే కొత్త చట్టం రాశారు. రాజుకి జూలు అక్కర్లేదు, గర్జన అక్కర్లేదు, పట్టాభిషేకం నాడు నిండు సభలో నోరు మెదపకుండా కూర్చోగల గాంభీర్యం ఉంటే చాలు. ఒక్కరి కోసం రాసినట్టు కనిపించకూడదు కాబట్టి, ఎవరైనా పోటీకి రావచ్చని చివర్లో తగిలించారు. రాజుగారు పంజా ముద్ర వేశారు.

దర్దురయ్య ఊరుకుంటాడా? మనవడు రాజైతే మొదటి ఆజ్ఞతోనే ఆ మందు ఆగిపోతుందని లెక్క వేసుకుని, పట్టాభిషేకం నాడు బుడుంగుని తీసుకెళ్లి యువరాజు పక్కన కూర్చోబెట్టాడు.

సభ నిండింది. యువరాజుగారి ముక్కు మీద ఈగ వాలింది. పాపం చాలాసేపు ఓర్చుకుని, చివరికి "మ్యావ్" అన్నాడు. అదే ఈగ వెళ్లి బుడుంగు ముందు వాలింది. వాడు చప్పుడు లేకుండా దాన్ని మింగేసి మళ్లీ కళ్లు అరమోడ్చాడు. గాంభీర్యమంటే అదీ అని సభంతా చప్పట్లు కొట్టింది. రాజుగారు పళ్లు నూరారు గానీ, చట్టం మీద ఉన్నది ఆయన పంజాయే. కిరీటం తెచ్చి పెడితే బుడుంగు అందులో బావిలో కప్పలా కూర్చున్నాడు.

దర్దురయ్య ఆనందం పట్టలేకపోయాడు. "చెప్పు నాయనా, కుంటలో మందు ఆపమని చెప్పు," అన్నాడు.

బుడుంగు నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచి తాత వైపు చూశాడు.

వాడి మాటగా తను చెబుతానని తాత ముందుకు వచ్చాడు. రాజాజ్ఞ రాజు నోటి నుంచే రావాలని మంత్రిగారు అడ్డుపడ్డారు. తర్వాత సింహాసనం పక్కన ఎంతో వినయంగా చెవి ఒగ్గి నిలబడి, సభ వైపు తిరిగారు.

"ప్రభువులవారికి అభ్యంతరం లేదు," అని ప్రకటించారు.

సాయంత్రానికి కుంటలో ఇంకో డబ్బా పడింది.

నీతి: కొలబద్ద చేతిలో ఉన్నవాడికి ఎవరి పిల్లలూ పొట్టిగా కనిపించరు.