కొమ్మలుండగా కాయలెందుకు?

పండ్ల చెట్టు పండ్లు కాయడం ఒక జబ్బు. ఒట్టు, నిజం! ఆ జబ్బును వేళ్లతో సహా నయం చేసే మహానుభావులు ఉన్నారు. పాతకాలపు పండ్ల చెట్ల కొమ్మలు ఇచ్చిపుచ్చుకునే మా గ్రూపు సభ్యులే వాళ్లు.

మాకు కాయతో పని లేదు. జానెడు కొమ్మ చాలు. దాన్ని తడిగుడ్డలో చుట్టి, రకం పేరు రాసిన చీటీ కట్టి, ఎదుటివాడి కొమ్మతో మార్చుకుంటాం. వచ్చిన పార్శిల్‌ను చెప్పులైనా వదలకుండా గుమ్మంలోనే విప్పేస్తాను. పరీక్షా ఫలితాలు చూసుకున్న రోజున కూడా ఇంత ఆత్రపడలేదు!

మా గ్రూపు పెద్ద ఒక రిటైర్డ్ ఇంజనీరు. ఆయన బాల్కనీలో నూటపన్నెండు రకాలున్నాయి. బట్టలారేసుకోవడానికి చోటు లేదు. "వీటిలో ఏది తియ్యగా ఉంటుంది సార్?" అని ఒక కొత్త సభ్యుడు అమాయకంగా అడిగాడు.

"రుచితో మనకేం పనయ్యా? ముందు నీ దగ్గర ఏముందో చెప్పు!" అని ఆయన కసిరారు.

మరి లాభాలు లేవా? పండు లేకపోతే చిలకలు రావు. పిల్లలు రాళ్లు వేయరు. కాపలా అక్కర్లేదు. ఇంత ప్రశాంతత ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

ఇంతలో మా అత్తగారు వచ్చారు. ఎనభై ఏళ్ల మనిషి. మా పెరట్లో దానిమ్మ ఆవిడ చేత్తో నాటిందే. "మోకాళ్లు ఇక ప్రయాణాలకు ఒప్పుకోవట్లేదు అల్లుడుగారూ. ఆ చెట్టు కాయ ఒక్కటి తిని పోదామని వచ్చాను" అన్నారు.

చెట్టేదీ? ఎవరి దగ్గరా లేని రకమంటే గ్రూపులో ఎంత గిరాకీ! పూతకొచ్చే ప్రతి కొమ్మా పార్శిలైపోయింది. మిగిలింది మోడు. దానికి బదులు సంపాదించిన నలభై అరుదైన పుల్లలు కుండీల్లో నిటారుగా నిలబడి ఉన్నాయి. అన్నీ చూపించాను. చీటీలు చదివి వినిపించాను.

"మరి కాయ?" అన్నారావిడ.

మా ఆవిడ నాతో మాటలు మానేసింది. నిజం చెప్పొద్దూ, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు సంగతి విని పక్కింటి టైలరమ్మ రెండు దానిమ్మకాయలు తెచ్చింది. మూడేళ్ల కిందట నేను పనికిరాదని గోడవతల పారేసిన మా దానిమ్మ పుల్లను ఆమె చిక్కుడు తీగకు ఊతంగా గుచ్చిందట. "తీగ ఎండిపోయింది గానీ పుల్ల బతికేసిందండీ అన్నయ్యగారూ!" అని నవ్వింది. రకం పేరు తెలియదు, చీటీ లేదు, గ్రూపులో సభ్యత్వమూ లేదు. ఎంత అన్యాయం!

అత్తగారు నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "ఇదేనమ్మా, ఇదే!" అని కళ్లు తుడుచుకున్నారు. నేనూ చలించిపోయి టైలరమ్మ వైపు తిరిగి, "ఒక్క జానెడు కొమ్మ..." అని మొదలుపెట్టాను.

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"మా అల్లుడు కత్తెర పట్టుకుని వస్తే గేటు తీయకు తల్లీ!"